ఒప్పందం బల్ల మీద ఆల్చిప్పలు

చిప్ప వీపు మీద గాడి ఉంది.

టేగన్ మాడర్న్ ఆల్చిప్పని పెదవుల దగ్గర వంచి లోపలి మాంసాన్ని మింగేసింది. ఖాళీ చిప్పని పళ్లెంలో బోర్లించబోతుంటే బొటనవేలికి ఏదో తగిలింది. వేలు మళ్లీ పోనిచ్చి చూసింది. అవును, గాడే. కర్రని అంటిపెట్టుకుని పెరిగితే తప్ప పడని గుర్తు.

తిల్లారూ నదిలో కర్రల మీద ఆల్చిప్పలు పెంచడం మానేసి ఇరవై ఏళ్లు దాటింది. ఇప్పుడు అందరివీ నీటి మీద తేలే బుట్టలే. అలలకి బుట్టలో పొర్లి పొర్లి పెరిగిన చిప్ప గుండ్రంగా, లోతుగా తయారవుతుంది. దాని వీపు మీద గాడి పడే ప్రసక్తే లేదు.

అంటే ఇవి ఈ నదివి కావు. ఎక్కడో కొన్నవి.

ఆల్చిప్పల రైతు ఇంట్లో, పెళ్లికి మూడు రోజుల ముందు, కాబోయే కోడలికి బయట కొన్న ఆల్చిప్పలు పెట్టారు! టేగన్ మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. ఇంకోటి తీసుకుంది. దానికీ గాడి.

"ఏమ్మా, నచ్చలేదా? నమలడం ఆపేశావు," అంది బల్లకి అవతల కూర్చున్న వెర్నా క్లెమెంజర్. డెబ్బై ఏళ్ల మనిషి. మొగుడు పోయాక ఎగువ నీళ్లలో ఆల్చిప్పలు పెంచే క్లెమెంజర్ల లీజుని ఒంటి చేత్తో నడిపింది. ఊళ్లో సగం మందికి ఆవిడంటే హడల్.

"బాగున్నాయి వెర్నా గారూ. మీరు తీసుకోరా?"

"నన్నెవరు తిననిస్తారు? ఈ కీళ్లవాతం మాత్రలు వేసుకుంటున్నన్నాళ్లూ పచ్చివి ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. పడవ ఎక్కొద్దంటాడు నా కొడుకు. ఇక మిగిలింది ఊపిరి తీసుకోవడమే, అదీ మానెయ్యమంటారేమో." వంకర తిరిగిన వేళ్లు బల్ల మీద పెట్టింది. "ఈ ఇంటికి ఎవరొచ్చినా వాళ్ల కళ్లముందే కత్తితో తెరిచి పెట్టేదాన్ని. ఇప్పుడు వీడు వెనక షెడ్డులో తెరిచి, ఐసు మీద సర్ది తెస్తాడు. ఆస్పత్రి భోజనంలాగా."

"కత్తి పట్టుకుంటే వేళ్లు తెగుతాయమ్మా," అన్నాడు రోరీ నవ్వుతూ.

"తెగితే నా వేళ్లురా. నీవి కాదు."

రోరీ లేచి తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. నలభై ఒక్క ఏళ్లొచ్చినా కుర్రాడి నవ్వు అతనిది. రెండేళ్ల కిందట టేగన్ పడిపోయింది ఆ నవ్వుకే.

"మూడింటికి కదా సంతకాలు?" వెర్నా గొంతు బిరుసెక్కింది. "నా పెళ్లికి ఒక ఉంగరం, ఒక పాస్టరు సరిపోయారు. మీకు ఇద్దరు లాయర్లు కావాల్సొచ్చారు. ఏం చేస్తాం, తెలివి మీరిన కాలం."

టేగన్‌కి చురుక్కుమంది. అడిగింది నువ్వే కదా తల్లీ, మళ్లీ దెప్పడం ఒకటా! నాలిక చివరిదాకా వచ్చిన మాటని మింగేసింది. ఆరు వారాల కిందట రోరీ ఆమె చేతులు పట్టుకుని చెప్పాడు: "అమ్మ పట్టుబట్టింది టేగ్. ఆస్తుల ఒప్పందం లేకుండా పెళ్లికి ఒప్పుకోనంటోంది. ఆ మాట ఆవిడ దగ్గర ఎత్తకు, గొడవైపోతుంది."

టేగన్ గొడవ పెట్టుకోలేదు. నిజానికి ఆ మాట విని ఆమెకి ధైర్యం వచ్చింది. మొదటి పెళ్లి ఏ కాగితమూ లేకుండా చేసుకుంది. అది విడిపోయినప్పుడు తండ్రి పడవ అమ్మింది, షెడ్డు అమ్మింది. నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తండ్రి వదిలిపోయిన నీటి లీజు ఒక్కటే చేతిలో మిగిలింది. అది పోతే ఆమెకి ఇంక బతుకే లేదు. అందుకే ఈసారి కాగితం ఉండాలని ఆమే అనుకుంది.

కాగితంలో ఏముందో ఆమెకి కంఠతా వచ్చు. ఎవరి ఇల్లు వాళ్లదే. లీజులు మాత్రం రెండూ కలిసి ఒకే కంపెనీ కిందికి వస్తాయి. కంపెనీకి అప్పులుంటే, పాతవైనా కొత్తవైనా, ఇద్దరూ మోయాలి. "ఆ 'పాతవి' అన్న ముక్క నాకు మింగుడు పడట్లేదు," అంది టేగన్ లాయరు డెస్పినా కౌరిస్. "వెర్నా అప్పు చేసే మనిషి కాదు, డెస్పినా," అని కొట్టిపారేసింది టేగన్.

ఇప్పుడు ఆ ముక్క ఆమె గొంతులోనూ అడ్డం పడింది.

"గాలి లేచేలా ఉంది. ఒకసారి బుట్టలు చూసుకుని అటునుంచే లాయరు దగ్గరికి వస్తాను," అని లేచింది.

"వెళ్లు వెళ్లు. నీ ఆస్తి నువ్వు చూసుకో," అంది వెర్నా.

* * *

టేగన్ బండి నది మొగవైపు వెళ్లలేదు. వంతెన దగ్గర ఎడమకి, ఎగువకి తిరిగింది.

ఆ నది మీద ఒక కట్టుబాటు ఉంది. ఎక్కడా రాసి లేదు, కానీ చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఒకరి లీజులో ఇంకొకరు చెయ్యి పెట్టరు. పడవ చెడితే పక్కవాడి లీజు అంచున లంగరు వేసుకోవచ్చు, కానీ బుట్ట ముట్టుకోకూడదు. ముట్టుకున్నవాడు దొంగే. రెండేళ్లు రోరీతో తిరిగినా టేగన్ అతని బుట్ట ఒక్కటి కూడా ఎత్తి చూడలేదు. ఆమెవి అతనూ చూడలేదు. అది మర్యాద.

ఆ మర్యాద చాటున ఏదైనా దాచొచ్చని ఆమెకి ఎప్పుడూ తట్టలేదు.

నీళ్లు ఆటులో ఉన్నాయి. మడచెట్ల మధ్య బురద తేలింది. తొడల దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని దిగింది. మలుపు తిరగ్గానే క్లెమెంజర్ల లీజు కనబడింది. వరసలు వరసలుగా నల్లటి బుట్టలు, తాళ్లకి వేలాడుతూ, సగం నీళ్లలో సగం గాలిలో. దూరం నుంచి చూస్తే అంతా సవ్యంగానే ఉంది.

మొదటి బుట్ట మీద చెయ్యి వేసి ఆగింది. చుట్టూ చూసింది. ఒడ్డున కొంగ తప్ప ఎవరూ లేరు. బుట్ట ఎత్తి ఊపింది.

బతికున్న ఆల్చిప్పలున్న బుట్టని ఊపితే రాళ్లు రాళ్లు కొట్టుకున్నట్టు మొద్దు చప్పుడు వస్తుంది. ఈ బుట్ట గలగలలాడింది. ఎండు కాయలు కదిలినట్టు, బోలుగా.

రెండో బుట్ట. గలగల.

పక్క వరసకి వెళ్లింది. గలగల. గుప్పెడు చిప్పలు తీసి చూస్తే నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, లోపల బురద. వానలు విరగబడ్డ ఏడాది ఎగువ నీళ్లకి వచ్చే రోగం అది. మూడేళ్లు పెంచిన సరుకుని కొన్ని వారాల్లో తుడిచిపెట్టేస్తుంది. వచ్చిందని తెలియగానే మత్స్యశాఖకి చెప్పాలి, నది మీద అందరికీ చెప్పాలి. ఎవరూ చెప్పలేదు.

వెనక మోటారు చప్పుడైంది.

రోరీ పంటు పడవ మలుపు తిరిగి వస్తోంది. బుట్ట వదిలేసి మడచెట్లలోకి పరిగెత్తే టైము ఉంది. టేగన్ కదల్లేదు. బుట్ట చేతిలోనే ఉంచుకుంది.

పంటు ఆగింది. అతను బుట్ట వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. నవ్వు లేదు.

"నా లీజులో ఏం చేస్తున్నావ్ టేగ్?"

"నువ్వు చెప్పంది వింటున్నాను." బుట్టని ఊపింది. ఆ బోలు చప్పుడు నీళ్ల మీద సాగింది. "ఎన్నాళ్లయింది?"

"టేగ్..."

"ఎన్నాళ్లు రోరీ?"

"మార్చిలో మొదలైంది." కూలబడ్డట్టు పంటు అంచు మీద కూర్చున్నాడు. "బ్యాంకు ఈ సరుకు చూసే నాకు అప్పిచ్చింది, అమ్మ హామీ మీద. ఇది పోయిందని తెలిస్తే లీజు లాగేసుకుంటారు. రెండు లీజులూ కలిస్తే నిలబడతాం. నీ సరుకు బాగుంది, ఏడాదిలో తేరుకుంటాం. నిన్ను ముంచాలని కాదు."

"ముంచాలని కాకపోతే చెప్పేవాడివి."

"చెబుదామనే అనుకున్నా! అమ్మ చెప్పనివ్వలేదు. శనివారం పెళ్లి దాటేదాకా నోరెత్తొద్దంది. ఒప్పందం, ఆ రాతలు, అంతా ఆవిడ బుర్రే. అమ్మ సంగతి నీకు తెలియంది కాదు."

టేగన్‌కి తెలుసు. తెలివి మీరిన కాలం అని దెప్పిన నోరు గుర్తొచ్చింది. నీ ఆస్తి నువ్వు చూసుకో అన్న ఎకసెక్కం గుర్తొచ్చింది. కానీ ఎదురుగా కూర్చున్నది వెర్నా కాదు, రోరీ. శనివారం చెయ్యి పట్టుకోవాల్సింది ఇతనిది.

"సరే విను. మూడింటికి ఆ గదిలో నువ్వే చెప్పాలి. మీ అమ్మ ముందు, లాయర్ల ముందు. నేను అడగను, గుర్తు చెయ్యను. నువ్వే నోరు విప్పి చెబితే మిగతాది ఇద్దరం కలిసి ఆలోచిద్దాం. పెళ్లితో సహా."

"చెప్పకపోతే?"

"అది నన్నడుగుతావేంటి?"

అతను లేచి మోటారు తాడు అందుకున్నాడు. "చెబుతాను," అన్నాడు. "ఒట్టు, చెబుతాను."

అతను వెళ్లేదాకా ఆగి, బండిలోంచి తెచ్చి ఒడ్డున పెట్టిన మూత బకెట్‌లో రెండు గుప్పిళ్ల చిప్పలు వేసుకుంది. మూత బిగించింది. బండి దగ్గర బూట్లని మందునీళ్లతో రెండుసార్లు కడిగింది.

బండిలోంచే డెస్పినాకి ఫోన్ చేసి అంతా చెప్పింది.

"ఇంకేం, రావడం మానెయ్," అంది డెస్పినా. "ఒప్పందం లేదు, పెళ్లి లేదు. నేను ఫోన్ చేసి చెప్పేస్తా."

"వద్దు. ఒకటి చెప్పు. నేను సంతకం పెట్టేస్తే ఏమవుతుంది?"

"పిచ్చి పట్టిందా?"

"నేను పెట్టి, నువ్వు పెట్టకపోతే?"

"నీకు విడిగా సలహా ఇచ్చానని నేను రాసి సంతకం పెడితేనే అది కట్టుబడే ఒప్పందం. లేకపోతే నీ కాగితం చూసి ఏ కోర్టూ నిన్ను కట్టెయ్యదు. చెత్తబుట్టే."

"ఆ సంగతి రోరీకి తెలుసా?"

"వాళ్ల లాయరు చెప్పే ఉంటాడు. ఎంతవరకు చెవికెక్కిందో నాకేం తెలుసు? టేగన్, ఏం చెయ్యబోతున్నావ్?"

"నేను సంతకం పెడుతుంటే చూస్తూ ఊరుకుంటాడేమో చూడాలి. నేను చెప్పేదాకా నీ కలం మూత తియ్యకు."

* * *

లాయరు ఆఫీసు మందుల షాపు మీద మేడ. కిటికీలోంచి నది కనబడుతుంది. బల్లకి ఒకవైపు రోరీ, అతని లాయరు. ఇంకోవైపు టేగన్, డెస్పినా. లీజు వెర్నా పేరు మీదే ఉంది కాబట్టి ఆవిడా సంతకం పెట్టాలి. బల్ల చివర కుర్చీలో నిటారుగా కూర్చుంది. బకెట్ టేగన్ కాళ్ల దగ్గర ఉంది.

"ఏమ్మా, బకెట్ ఎందుకు? ఏడిస్తే కన్నీళ్లు పట్టడానికా?" అంది వెర్నా.

"తర్వాత చూపిస్తాను వెర్నా గారూ."

రోరీ లాయరు గొంతు సవరించుకున్నాడు. "సంతకాలకి ముందు ఎవరైనా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?"

టేగన్ రోరీ వైపు చూసింది. అతను కిటికీ వైపు చూస్తున్నాడు. గోడ గడియారం కొట్టుకుంటోంది. చెప్పు. ఒక్క మాట చాలు. రోగం వచ్చింది అను. తప్పయిపోయింది అను.

"లేదండీ," అన్నాడు రోరీ. "కానిద్దాం."

టేగన్ కలం తీసుకుంది. మొదటి పేజీ కింద పేరు రాసింది, చాలా నెమ్మదిగా. ఆగింది. అతని వైపు చూసింది. అతని మెడ మీద చెమట పట్టింది, పెదవులు మాత్రం కదల్లేదు. రెండో పేజీ. మూడోది. ప్రతి పేజీ దగ్గరా ఆగింది, ప్రతిసారీ తలెత్తింది. చివరి పేజీ మీద సంతకం పెట్టి కలం కింద పెట్టింది.

రోరీ చెయ్యి చాచాడు. ఆపడానికే అనుకుంది టేగన్. అతను మధ్యలో ఒక పేజీని వేలితో ఆమె వైపు జరిపాడు.

"ఇక్కడొకటి మిగిలిపోయింది, టేగ్," అన్నాడు మెత్తగా.

ఆమె ఆ పేజీ వైపు చూడలేదు. అతని వేలి వైపు చూసింది. తర్వాత ఉంగరం తీసి ఆ వేలి పక్కన పెట్టింది.

"డెస్పినా, నీ కలం దాచేసుకో."

డెస్పినా కలాన్ని బ్యాగులో పడేసి జిప్ లాగింది. "నేను సంతకం పెట్టడం లేదు. కాబట్టి ఈ ఒప్పందం లేదు."

"ఏంటిది?" వెర్నా ముందుకి వంగింది. "ఏం నాటకాలమ్మా ఇవి?"

"నాటకం మీది, వెర్నా గారూ." టేగన్ బకెట్ ఎత్తి కాగితాల పక్కన పెట్టి మూత తీసింది. "వచ్చినవాళ్ల ముందే తెరిచి పెట్టడం మీ ఇంటి ఆచారం కదా. ఇవి తెరవండి, అందరం తిందాం."

వెర్నా బకెట్‌లోకి చూసింది. వంకర వేళ్లతో ఒక చిప్ప తీసింది. కత్తి అక్కర్లేకుండానే అది నోరు తెరుచుకుని ఉంది. బురద కాగితం మీద కారింది. ఇంకోటి తీసింది, అదీ అంతే. రెండూ ఒకదానికొకటి తాటించింది. ఆ బోలు చప్పుడుకి ఆవిడ మొహంలో రంగంతా దిగిపోయింది. నటించేవాళ్ల మొహం అలా పాలిపోదు.

"ఎవరివివి?" అంది వెర్నా.

"మీవే. మలుపు దగ్గర వరసలోవి."

"అబద్ధం. మధ్యాహ్నం తిన్నావుగా నా ఇంట్లో..."

"అవి కొన్నవి వెర్నా గారూ. కర్ర గాడి ఉంది చిప్పలకి. మీకు తెలుసనుకున్నాను."

వెర్నా తల మెల్లగా కొడుకు వైపు తిరిగింది.

"అందుకా నన్ను కత్తి పట్టుకోనివ్వంది?"

"అమ్మా, డాక్టరు చెప్పాడు కదా..."

"డాక్టరు తినొద్దన్నాడు. చూడొద్దనలేదు!" చిప్పని బల్లకేసి కొట్టింది. "మార్చి నుంచి పడవ ఎక్కొద్దు, జారిపడతావని పువ్వులా చూసుకుంటుంటే మురిసిపోయాను. ఎంత మంచి కొడుకు, నా కొడుకు!"

టేగన్ కాగితాల వైపు చూపించింది. "ఈ ఒప్పందం మీరు అడగలేదా?"

"నేనా? లాయరు మొహం చూడటం ఇదే మొదటిసారి! నువ్వు అడిగావన్నాడు. మొదటి మొగుడి దెబ్బకి బెదిరిపోయింది, రెండు లీజులూ కాగితం మీదికి ఎక్కితే తప్ప పెళ్లాడనంటోంది, ఆ మాట నీ దగ్గర ఎత్తొద్దు, నొచ్చుకుంటుంది అన్నాడు. నోరు మూసుకుని నిన్ను మనసులో తిట్టుకున్నా ఇన్నాళ్లూ."

"నన్నూ ఎత్తొద్దనే అన్నాడు," అంది టేగన్.

ఇద్దరు ఆడవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆరు వారాల్లో తిన్నగా చూసుకోవడం అదే మొదలు.

రోరీ లేచాడు. "మీ ఇద్దరి కోసమే చేశాను! నువ్వు హామీ ఉన్న అప్పుకి బ్యాంకు వాళ్లు వస్తే నీ ఇల్లు కూడా పోతుందమ్మా, తెలుసా? ఏం చెయ్యమంటావు నన్ను?"

"చెప్పమంటాను. మీ నాన్న పోయిన ఏడాది వరద వచ్చి సగం బుట్టలు సముద్రంలో కలిశాయి. ఆ రోజే రేవులో నిలబడి అందరికీ చెప్పాను. సిగ్గుపడలేదు. ఈ పిల్ల వాళ్ల నాన్న పెంచుకోమని చిన్న చిన్న ఆల్చిప్పలు నాకు అరువిచ్చాడు. ఆయన నీళ్లకే ఎసరు పెట్టావు నువ్వు." ఆవిడ గొంతు తగ్గింది. "కూర్చో. కాదు, కూర్చోకు. బయటికి పో."

అతను టేగన్ వైపు చూశాడు. ఆ కుర్రాడి నవ్వు తెచ్చుకోబోయాడు, రాలేదు. మెట్లు దిగిన చప్పుడు వినబడింది. ఉంగరం బల్ల మీదే ఉండిపోయింది.

రోరీ లాయరు కాగితాలు పోగు చెయ్యబోయి, బురద చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

వెర్నా చేతికర్ర ఊతంతో లేచింది. "మత్స్యశాఖ ఆఫీసు నంబరు ఎవరి దగ్గరైనా ఉందా?"

"నా దగ్గరుంది," అంది టేగన్.

"చెయ్యి. నేనే మాట్లాడతాను. నా లీజు, నా నోటితోనే చెప్పాలి. ఆ తర్వాత బ్యాంకుకి." తలుపు దగ్గర ఆగింది. "చీకటి పడేలోగా నా బుట్టలు నేను చూసుకోవాలి. తీసుకెళ్తావా? ఒక్కదాన్ని ఎక్కలేను."

"తీసుకెళ్తాను. నా పంటు రేవులోనే ఉంది."

"నీది వద్దు," అంది వెర్నా గట్టిగా. "నాది తీద్దాం. ఎక్కేముందు వేరే బూట్లు వేసుకో, దిగాక అక్కడే వదిలెయ్. ఈ రోగం నీ నీళ్లకి అంటకూడదు."

టేగన్ ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. మెట్లు నిటారుగా ఉన్నాయి. ఒక్కొక్కటే దిగుతున్నారు.

"శనివారం హాలుకి డబ్బు కట్టేశాం," అంది వెర్నా సగం మెట్ల మీద. "కేకు కూడా."

"తెలుసు."

"నది మీద వాళ్లందర్నీ పిలిచాం కదా. రానీ. ఎవరి బుట్టల్లో ఏముందో అందరం ఒకసారి చెప్పుకుందాం. కేకు తింటూ."

టేగన్‌కి నవ్వు రాబోయింది. కళ్లు మండాయి. వెర్నా చూడనట్టే ముందుకి చూస్తూ, వంకర వేళ్లతో ఆమె చెయ్యి ఇంకాస్త బిగించి పట్టుకుని, తర్వాతి మెట్టు మీద కాలు మోపింది.